సముద్రం లేని ఊళ్లో పగడాల తొట్టి: మూడు కొలతల్లో ఏది ఎవరికి?

పగడం అంటే మన వైపు ఇంకా నగల దుకాణంలోని ఎర్రపూసే. ప్రాణమున్న పగడాన్ని, దాని చుట్టూ తిరిగే సున్నితమైన చేపలను ఇంట్లో పెంచాలని ముచ్చటపడేవారు వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో కొందరు లేకపోలేదు గానీ, వారిలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే తటపటాయిస్తారు. ఎంత గాజుతొట్టి కొనాలన్నదే ఆ మెట్టు. దుకాణంలో సాధారణంగా మూడు కొలతలు కనిపిస్తాయి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నదానిలో సుమారు 40 లీటర్లు పడతాయి. రెండడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్నదానిలో సుమారు 125 లీటర్లు, అదే వెడల్పు, ఎత్తులతో మూడడుగుల పొడవున్నదానిలో సుమారు 190 లీటర్లు పడతాయి. చిన్నదైతే ఖర్చూ తక్కువ, చాకిరీ తక్కువ అనిపించడం సహజం. ఖర్చు సంగతి కొంతవరకు నిజమే. చాకిరీ సంగతి మాత్రం తలకిందులుగా ఉంటుంది. ఉప్పునీటి తొట్టి ఎంత చిన్నదైతే దాన్ని అంతగా కనిపెట్టుకుని ఉండాలి, అందులోనూ మన ఎండల్లో.

## ముందుగా ఆలోచించవలసినవి

పగడాల దిబ్బల దగ్గర సముద్రం ఒక్క రోజులో పెద్దగా మారదు. లీటరు నీటికి 35 గ్రాముల చుట్టూ ఉప్పు, 23 నుంచి 29 డిగ్రీల వేడి, ఎప్పుడూ కదిలే అలలు, వీటికే అక్కడి జీవులు అలవాటు పడ్డాయి. కాబట్టి తొట్టిని ఎంచుకునేటప్పుడు దాని అందం కన్నా ముందు, బయట ఏం జరిగినా లోపలి నీరు ఎంత నెమ్మదిగా మారుతుందన్నది చూడాలి.

వేడి. మిగిలిన విషయాలన్నీ ఒక ఎత్తు, మనకు ఇదొక్కటే ఒక ఎత్తు. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, రామగుండం, మంచిర్యాల వైపు ఇంకా పైకి పోతుంది. స్లాబు కింద ఉన్న పైఅంతస్తు గది రాత్రి పన్నెండింటికి కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. నీరు 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే పగడాలు తమ ఒంట్లో కాపురముండే సూక్ష్మశైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడతాయి. 1998, 2010, 2016లలో లక్షద్వీప్‌లోనూ, మన్నార్ సింధుశాఖలోనూ సముద్రమే వేడెక్కినప్పుడు జరిగింది ఇదే. సముద్రమే తట్టుకోలేనిదాన్ని 40 లీటర్ల గాజుపెట్టె తట్టుకుంటుందని అనుకోకూడదు.

నీటిని చల్లబరచడానికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది నీటి ఉపరితలం మీదుగా వీచే చిన్న ఫ్యాను. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడిని వంద లీటర్ల నుంచి తీసేస్తే ఆ నీరు దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. కూజాలో నీళ్లు చల్లగా ఉండడం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. గది నుంచి వేడి మళ్లీ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆరు డిగ్రీలూ మనకు దక్కవు గానీ, పొడి ఎండల్లో ఫ్యాను బాగా పనిచేస్తుంది. విచిత్రమేమిటంటే ఫ్యాను చేతులెత్తేసేది మే నెల మధ్యాహ్నం కాదు, జూన్‌లో తొలకరి ముందు ఉక్కపోసే రోజుల్లో. గాలిలో తేమ నిండి ఉంటే ఆవిరి సాగదు. ఇదే కారణంగా తలుపులు మూసిన గదిలో నీళ్ల కూలరు నడుస్తుంటే తొట్టి ఫ్యాను బలం తగ్గుతుంది. కూలరు పెట్టేవారు కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి.

రెండోది చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రం. నమ్మకమైనది, ఖరీదైనది. అది నీటిలోని వేడిని తీసి గదిలోకే వదులుతుంది కాబట్టి స్టాండు అల్మరాలో పెట్టి తలుపు వేస్తే తన వేడిలో తానే ఉడికిపోతుంది. మూడోది ఏసీ గది. రాత్రి మాత్రమే ఏసీ వేసే ఇంట్లో నీరు పగలు ఎక్కి రాత్రి దిగుతూ ఉంటుంది, చిన్న తొట్టికి ఆ ఊగిసలాట నిలకడైన 28 డిగ్రీల కన్నా ఎక్కువ చేటు చేస్తుంది. దారి ఏదైనా, వేసవిలో లైట్లను మధ్యాహ్నం కాకుండా సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా వెలిగేలా టైమరు పెట్టుకోవడం మంచిది. పగడానికి గడియారంతో పని లేదు.

నీళ్లు. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. మన గ్రానైటు నేలల్లో బోరు నీటికి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల కొలత) ఐదారు వందలు చూపడం మామూలే, పొలాల పక్కన నైట్రేట్లు కూడా కలుస్తాయి. ఈ రెండింటిలో ఏదీ నేరుగా పనికిరాదు. ఆర్వో నీటిని, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఅయొనైజర్ రెజిన్ గుండా పంపి, టీడీఎస్ సున్నాకు తెచ్చి, అందులో సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు 36 గ్రాముల లెక్కన కలపాలి. ఇంట్లోని తాగునీటి ఆర్వోలో రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, ఆ నీటిని మీటరుతో చూడకుండా నమ్మకండి. వంటింటి ఉప్పు పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు. ఉప్పు కొలవడానికి తేలియాడే ప్లాస్టిక్ సూచిక కన్నా, వెలుగు వంగే తీరును బట్టి ఉప్పును చూపే రిఫ్రాక్టోమీటరు మేలు.

కరెంటు. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. అదే వేడిలో సముద్రపు నీటిలో 6.7 మాత్రమే, వేడి పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. అందువల్ల పంపు ఆగితే మంచినీటి చేపల కన్నా ఈ చేపలు ముందు ఉక్కిరిబిక్కిరవుతాయి. ఇంటి ఇన్వర్టరుకు అలలు పుట్టించే పది వాట్ల పంపును కలిపితే చాలు, ఎనిమిది గంటలు కరెంటు పోయినా ఆ పంపు తాగేది యూనిట్‌లో పదో వంతు కూడా ఉండదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద కొన్ని పంపులు గుయ్యిమంటాయి, సైన్ వేవ్ ఉంటే ఆ బెడద లేదు.

మనిషి. మేడారం జాతరకో, బతుకమ్మకు పుట్టింటికో నాలుగు రోజులు తాళం పడే ఇల్లా, ఎప్పుడూ ఒకరు ఉండే ఇల్లా? దీనికి జవాబు దొరికితే తొట్టి కొలత సగం తేలినట్టే.

## కొలత మారితే ఏం మారుతుంది

| విషయం | 40 లీటర్లు | 125 లీటర్లు | 190 లీటర్లు |
|---|---|---|---|
| ఒక లీటరు నీరు ఆవిరైతే, లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు ఎంతవుతుంది | 35.9 | 35.3 | 35.2 |
| లీటరు మంచుసీసా వేస్తే నీరు ఎంత చల్లబడుతుంది | సుమారు 2.7 డిగ్రీలు | సుమారు 0.9 | సుమారు 0.6 |
| వారానికి పదో వంతు నీరు మారిస్తే ఏడాదికి ఉప్పు | సుమారు 7.5 కిలోలు | 23 కిలోలు | 36 కిలోలు |
| నీరు, గాజు, రాళ్లతో కలిపి బరువు | 60 కిలోల లోపు | 170 కిలోల పైచిలుకు | 270 కిలోల చుట్టూ |
| చల్లదనానికి సరిపోయే దారి | ఏసీ గది | ఫ్యాను, అవసరమైతే చిల్లర్ | చిల్లర్, లేదా చల్లని కింది అంతస్తులో ఫ్యాను |

మొదటి రెండు వరుసలను కలిపి చదవాలి. ఫ్యాను గాలికి మే నెలలో చిన్న తొట్టి నుంచి కూడా రోజుకు లీటరు ఆవిరి కావచ్చు. ఉప్పు ఆవిరి కాదు, నీరే పోతుంది. 40 లీటర్ల తొట్టిలో రెండు రోజులు మంచినీరు పోయకుండా వదిలేస్తే ఉప్పు 37కు చేరువవుతుంది. ఆ తరువాత గుర్తొచ్చి రెండు లీటర్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే అది దబ్బున కిందికి పడుతుంది. ఈ కుదుపును రొయ్యలు అసలు ఓర్చుకోవు. అదే తప్పు 190 లీటర్లలో జరిగితే ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది.

### అడుగున్నర తొట్టి

బల్ల మీద పడుతుంది, ఇద్దరు ఎత్తితే గది మారుతుంది, నీళ్లు మార్చడానికి ఒక బకెట్టు చాలు. అద్దె ఇంట్లో ఉండేవారికి, కాజీపేటలో రైల్వే క్వార్టర్లలో బదిలీల మధ్య బతికేవారికి ఈ సౌకర్యం చిన్నది కాదు. నా మొదటి తొట్టి కూడా ఇదే కొలతది. ఒక మే నెలలో పెళ్లికి వెళ్లి మర్నాటి సాయంత్రం తిరిగి వచ్చేసరికి థర్మామీటరు 33 డిగ్రీలు చూపుతోంది, నిప్పుచేపలు (ఫైర్‌ఫిష్) రెండూ అడుగున పడి ఉన్నాయి. అక్కడ తప్పు చేపది కాదు, తొట్టి చేసినవాడిదీ కాదు. తాళం వేసిన స్లాబు గదిలో అంత కొద్ది నీటిని పెట్టడమే తప్పు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ కొలతను నేను సమర్థిస్తాను. రాత్రింబవళ్లు ఏసీ నడిచే గది ఇప్పటికే ఉండి, రోజూ ఉదయం అరచెంబు నీళ్లు పోసే మనిషి ఉంటే, నాలుగైదు మెత్తటి పగడాలు, ఒక చిన్న గోబీ చేప, దానికి తోడుగా ఒక పిస్టల్ రొయ్యతో ఇది ముచ్చటగా ఉంటుంది. సరిగా కళ్లు కనిపించని ఆ రొయ్య బొరియ తవ్వుతూ ఉంటే, గోబీ గుమ్మం దగ్గర కాపలా కాస్తూ తోక కదలికతో ప్రమాదాన్ని తెలుపుతుంది. జంటచేపలు, ఈత కోరే చేపలు ఇందులో వద్దు.

### రెండడుగుల తొట్టి

ఎక్కువమందికి నా ఓటు దీనికే. ఫ్యాను ఒక్కటే మే నెలను దాటించగలిగేంత నీరు ఇందులో ఉంటుంది, ఇన్వర్టరు మీద నిశ్చింతగా నడుస్తుంది, వారానికి పన్నెండు పదమూడు లీటర్లు మార్చడం ఆదివారం ఉదయం అరగంట పని. కింద మరో చిన్న గాజుపెట్టె పెట్టి నీరు అందులోకి దిగి మళ్లీ పైకి వెళ్లేలా చేస్తే ఇంకో 30 లీటర్లు కలిసివస్తాయి. దాన్ని సంప్ అంటారు. మన ఇళ్లలో సంపు అంటే వాకిట్లో నేల కింది నీళ్ల తొట్టి కాబట్టి వడ్రంగితో స్టాండు చేయించేటప్పుడు ఈ మాట దగ్గర కొంత అయోమయం తప్పదు. సంప్ ఉంటే ఆవిరైన నీటిని తానే నింపుకునే ఫ్లోట్ స్విచ్‌ను అందులో పెట్టుకోవచ్చు, అప్పుడు జాతరకు నాలుగు రోజులు వెళ్లినా ఉప్పు అదుపులో ఉంటుంది. అయితే కరెంటు పోయినప్పుడు పైనుంచి దిగే నీటికి సంప్‌లో ఖాళీ ఉందో లేదో ముందే పంపు ఆపి చూసుకోవాలి. లేకపోతే తెల్లారేసరికి హాలంతా ఉప్పునీరే.

ఇందులోని లోటు చేపల దగ్గర తెలుస్తుంది. నాలుగు చిన్న చేపలతో ఆగాలి, అంత పెద్ద తొట్టిలో నాలుగేనా అని వచ్చినవారంతా అడుగుతారు.

### మూడడుగుల తొట్టి

సొంత ఇల్లు, కింది అంతస్తు, తూర్పు లేదా ఉత్తరం గోడ ఉన్న గది, వీటికి తోడు పెట్టుబడి పెట్టగల స్తోమత ఉంటే ఇది అన్నిటికన్నా సాధువైన తొట్టి. తప్పులను క్షమిస్తుంది. దీని కష్టాలు వేరే రకం. 270 కిలోలను పైఅంతస్తులో గది నడిమధ్య పెట్టడం తెలివైన పని కాదు, కింద దూలం ఉన్న గోడ వారగా పెట్టాలి. వారానికి 19 లీటర్ల శుద్ధజలం కావాలి, ఆర్వో యంత్రం దానికి రెండు మూడింతలు వృథా నీటిని వదులుతుంది. ఎండాకాలంలో నల్లా రోజు విడిచి రోజు వచ్చే వీధిలో ఇది ఇంట్లో పేచీకి దారి తీస్తుంది. ఆ వృథా నీటిని బట్టలకు, ఇల్లు కడగడానికి పట్టుకునే ఏర్పాటు ముందే చేసుకోవాలి. ఇక వేడెక్కిందంటే దీన్ని మంచుసీసాలతో దించడం అయ్యే పని కాదు, 200 వాట్ల చిల్లర్ రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 48 యూనిట్లు, అంటే బిల్లు పై స్లాబులోకి జరిగే ప్రమాదం ఉంది.

## పగడాలు, రాళ్లు: చట్టం ఏమంటుంది

భారతదేశంలో పెద్ద పగడాల దిబ్బలు మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో ఉన్నాయి. అక్కడి గట్టి పగడాలన్నీ, నల్లపగడాలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ పగడాలు), సముద్రపు గుర్రాలు, పైప్‌ఫిష్‌లు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలులో చేరాయి. అంటే సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయిని లైవ్ రాక్ పేరుతో బిల్లు లేకుండా అమ్మజూపితే, ఎంత చవకైనా తీసుకోకూడదు. విదేశాల నుంచి వచ్చే గట్టి పగడాలకు సైటిస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు ఉండాలి. మొదలుపెట్టేవారికి సిరామిక్ రాయి లేదా మనుషులు తయారుచేసిన పొడి రాయి, దాని మీద జోయాంథస్, మష్రూమ్, లెదర్ వంటి మెత్తటి పగడాలు సరిపోతాయి. జోయాంథస్ ఉన్న రాయిని చేతితొడుగు లేకుండా పట్టుకోకండి, పొరపాటున కూడా ఉడకబెట్టకండి. వాటిలో కొన్నింటిలో ఉండే విషం ఆవిరిగా ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలవుతారు.

## సున్నితమైన చేపల్లో ఏది ఎవరికి

సున్నితం అన్న మాటలో రెండు అర్థాలు కలిసిపోయాయి. కొన్ని చేపలు బెదురుగొడ్లు, మిగతా విషయాల్లో గట్టివే. కొన్ని తిండి దగ్గరే మొండివి. మొదటి రకాన్ని శ్రద్ధతో సాకవచ్చు, రెండో రకం కొత్తవారి చేతిలో ఆకలితో చస్తుంది.

బెదురు చేపల్లో అందమైనది నిప్పుచేప. తెల్లటి ముందు భాగం, ఎర్రబారే తోక, తలమీద జెండాలా నిలిచే రెక్క. ఏ చప్పుడుకైనా ఎగిరి తొట్టి బయట పడుతుంది కాబట్టి సన్నని వలమూత తప్పనిసరి; గాజుమూత పెడితే ఆవిరి ఆగి ఫ్యాను దండగవుతుంది. దీన్ని రెండడుగుల తొట్టిలో, కొట్లాడని చేపల మధ్య ఉంచాలి. ఇండోనేషియాలోని బంగ్గాయ్ దీవుల చుట్టూ మాత్రమే పుట్టే కార్డినల్ చేప జంట కూడా ఈ తొట్టికి తగినదే. మగచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, ఆ రోజుల్లో మేత ముట్టదు. సముద్రంలో పట్టినవాటి కన్నా తొట్టిలో పుట్టినవి ఎంతో మేలు.

క్లౌన్ చేప సున్నితమైనదేమీ కాదు గానీ మొదటి చేపగా దానికి సాటి లేదు. దాన్ని మన దేశంలోనే పిల్లలు పెట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు, కాబట్టి తొట్టిలో పుట్టినవి అడిగి తీసుకోండి. అన్నీ మగవిగానే పెరుగుతాయి, జంటలో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. సముద్రంలో దానికి ఆశ్రయమిచ్చే అనిమోన్ అనే జీవి తొట్టిలో లేకపోయినా హాయిగా బతుకుతుంది.

తిండి దగ్గర మొండిదానికి ఉదాహరణ మాండరిన్. నీలం, నారింజ రంగుల తీగలు గీసినట్టుండే ఈ చేపను చూసి ఆగలేనివారే ఎక్కువ. ఇది రోజంతా రాళ్ల మీద కోపిపాడ్ అనే కంటికి ఆనీ ఆనని జీవులను ఏరుకుని తింటుంది, రెండడుగుల తొట్టిలో ఆ సంపద కొన్ని వారాల్లోనే హరించుకుపోతుంది. మూడడుగుల తొట్టిలో కూడా ఏడాది నిండాక, గడ్డకట్టిన మేత తింటుందని కళ్లారా చూశాకే తేవాలి. నీలి సర్జన్ చేప ఈ మూడింటిలో దేనికీ తగదు, దానికి ఆరడుగుల ఈత కావాలి. డాంసెల్ చేప చవక, కానీ పెరిగాక మిగతావాటిని బతకనివ్వదు.

ఏ చేపనైనా నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి గమనించాకే పగడాల మధ్యకు వదలాలి. తెల్లమచ్చల రోగానికి వాడే రాగి మందు రొయ్యలను, పగడాలను చంపుతుంది కాబట్టి పగడాల తొట్టిలో చికిత్స కుదరదు. ఇప్పటికే అడుగున్నర తొట్టి కొనేసి బాధపడుతున్నవారికి ఇక్కడ ఒక ఊరట ఉంది, ఈ పనికి అది సరిగ్గా సరిపోతుంది.

దోమల మందు సంగతి కూడా చేపలతో పాటే ఆలోచించాలి. గోడకు పెట్టే ద్రవపు మందులోనూ, కొట్టే స్ప్రేలోనూ, వానాకాలంలో వీధిలో వదిలే పొగలోనూ ఉండే పైరెథ్రాయిడ్లు మనిషికి పెద్దగా ఏమీ చేయకపోయినా చేపలకు, రొయ్యలకు కాలకూటం. తొట్టి ఉన్న గదిలో దోమతెరకు మారండి. పొగబండి వస్తే కిటికీలు మూసి, గాలిపంపును కాసేపు ఆపండి.

## ఎప్పుడు మొదలుపెట్టాలి

అందరూ చలికాలంలో మొదలుపెట్టమంటారు. నా సలహా వేరు. మార్చి నెలాఖరుకు తొట్టి, ఉప్పునీరు, రాళ్లు, పంపు, ఫ్యాను అన్నీ అమర్చి, చేప మాత్రం వేయకుండా వేసవిని గడపండి. అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడడానికి ఎలాగూ నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వెచ్చని నీటిలో అవి చురుకుగా పెరుగుతాయి. చిటికెడు మేత అప్పుడప్పుడు వేస్తూ, రోజుకు మూడుసార్లు వేడి రాసిపెట్టుకోండి. మే నెలాఖరుకు మీ గది మీకే చెబుతుంది. 28 దాటకపోతే ఫ్యాను చాలు. 31 తాకితే చిల్లర్‌కు డబ్బు కూడబెట్టాలి, లేదా గది మార్చాలి. ఒక్క ప్రాణం పోకుండా ఈ లెక్క తేలుతుంది.

వానలు నిలకడగా పడి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాక మొదట మెత్తటి పగడాలు, దసరా తరువాత క్లౌన్ జంట, సంక్రాంతి దాటాక నిప్పుచేప. హైదరాబాదు నుంచి తెచ్చుకునేవారు థర్మోకోల్ పెట్టెలో, ఎండ తగలకుండా, ఒకే రోజులో తేవాలి. చేపను కొనడానికి ముందు దుకాణదారును మీ కళ్లముందు మేత వేయమని అడగండి, తినని చేపను ఎంత తగ్గించి ఇస్తానన్నా అక్కడే వదిలేయండి. ఇంటికి వచ్చాక సంచిని పావుగంట నీటి మీద తేలనిచ్చి, ఉప్పు తేడా కొలిచి, తేడా లేకపోతే వెంటనే సంచి నీరు తొట్టిలో పడకుండా చేపను మాత్రమే దించండి. మూడు గంటల ప్రయాణంలో సంచిలో పేరుకున్న అమోనియా, మూతి విప్పగానే మరింత విషంగా మారుతుంది, గంటల తరబడి చుక్కచుక్కగా నీరు కలుపుతూ కూర్చుంటే చేపను అందులోనే నానబెట్టినట్టవుతుంది. ఆ రాత్రికి లైటు వేయకండి, చేప రాయి వెనక నుంచి రాకపోయినా వెతకకండి.